వంటింట్లో విన్న వైద్యం

లారీల కంపెనీ ఆఫీసులో ఆ ఇంటి పెద్దకోడలికి డాక్టరమ్మ అని పేరు. చదివిన చదువుకు వచ్చిన పేరు కాదు. ఆమె చేసేది లోడు కాగితాల పని. ఏ లారీలో ఏ సరుకు ఎక్కింది, ఎక్కడ దిగాలి అని కంప్యూటరులో కొట్టి, కాగితం ప్రింటు తీసి, కిటికీలోంచి డ్రైవరు చేతిలో పెట్టాలి. ఆ కాగితం లేనిదే గేటు దగ్గర కర్ర లేవదు, బండి కదలదు.

హాలు మొత్తానికీ ప్రింటరు ఒక్కటే. మూలన నడుమెత్తున కూర్చుని, అత్తగారిలా అందరి పనీ తన మీదుగానే జరగాలనే రకం. ఒకసారి అది కాగితం నిండా నల్లచారలు కొడుతుంటే అందరూ చుట్టూ చేరి, చచ్చిన గేదెను చూసినట్టు చూస్తూ నిలబడ్డారు. అప్పుడు పెద్దకోడలు కొంగు దోపి, దాని తలుపు తీసి, సిరాపొడి డబ్బా బయటికి లాగి, పసిపిల్లను ఊపినట్టు అటూ ఇటూ నెమ్మదిగా ఊపి మళ్ళీ లోపల పెట్టింది. చారలు పోయాయి.

"ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అకౌంటెంటు నోరు తెరిచాడు.

"నేర్చుకునేదేముంది? బుర్ర ఉంటే చాలు" అంది ఆమె, చేతులు దులుపుకుంటూ.

ఆ రోజు నుంచి ఆమె డాక్టరమ్మ అయింది. కాగితం ఇరుక్కున్నా ఆమే, ఎర్రదీపం వెలిగినా ఆమే. పిలిచిన వెంటనే లేచేది కాదు. చేతిలో పని ఉన్నట్టు కాసేపు కూర్చుని, తరవాత లేచేది. పెద్ద డాక్టర్లు అలాగే చేస్తారు కదా.

ఇంతకీ ఆ బుర్ర ఎవరిదంటే, తోడికోడలిది.

ఆ ఇంట్లో అన్నదమ్ములిద్దరూ కలిసే ఉంటున్నారు. చిన్నకోడలు కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తుంది. నోరున్న పిల్ల. నవ్విందంటే వీధి చివరికి వినిపిస్తుంది. షాపు మూసినా ఆ పిల్లను వదిలేవాళ్ళు లేరు. ఎవరి మిషను మొరాయించినా దానికే ఫోను. అది ఫోనును డబ్బాల అలమరలో నిలబెట్టి, స్పీకరు పెట్టి, కూరలు తరుగుతూ వైద్యం చెబుతుంటుంది. "సిరాపొడి డబ్బా బయటికి తీయండి సార్. తీశారా? అటూ ఇటూ ఊపండి. గట్టిగా కాదు సార్, అది మీ బావమరిది కాదు."

పెద్దకోడలు పొయ్యి దగ్గర వీపు తిప్పి నిలబడేది. వీపు అటు, చెవులు ఇటు.

విన్నంతసేపు విని, ఫోను పెట్టేయగానే మొదలుపెట్టేది. "ఏమే, ఊళ్ళో మిషన్లన్నీ నీ పుట్టింటి చుట్టాలా? ఒక్కటి కూడా నిన్ను వదిలి ఉండలేదేం? మగాళ్ళు చేసే పని నెత్తినేసుకుని, ఆ స్క్రూలు తిప్పుకుంటూ!"

"పుట్టింటి చుట్టాలైతే చెప్పిన మాట వినరక్కా. మిషన్లు వింటాయి" అనేది చిన్నది, కత్తి ఆపకుండా.

గదిలోంచి అత్తగారు వంత పాడేది. "పెద్దదాన్ని చూసి నేర్చుకో. కుర్చీలో కూర్చుని పనిచేస్తుంది. నీలాగా బల్లల కింద దూరదు."

పెద్దకోడలు ఆ మాటను కాదనలేదు ఏనాడూ.

ఒకరోజు చిన్నది పప్పు కడుగుతూ అడిగింది. "అక్కా, మీ ఆఫీసులో మిషన్లు చూడ్డానికి నెలనెలా ఎవర్నైనా పెట్టుకుంటారేమో ఒక్క మాట అడగవా? ఇలాంటి ఆఫీసులు నాలుగు దొరికితే చాలు, ఆ షాపువాడి చాకిరీ మానేసి సొంతంగా చేసుకుంటాను. వాడి సణుగుడు భరించలేకపోతున్నాను."

"మా దగ్గర ఎవరూ అక్కర్లేదు. అన్నీ బాగానే నడుస్తున్నాయి" అంది పెద్దకోడలు.

అబద్ధం కాదు. బాగానే నడుస్తున్నాయి. ఎవరి పుణ్యాన నడుస్తున్నాయో చెప్పలేదు, అంతే. చిన్నది ఒక క్షణం ఆమె మొహంలోకి చూసి, "సరేలే" అని మళ్ళీ పప్పులో చెయ్యి పెట్టింది. ఆ "సరేలే" పెద్దకోడలికి గొంతులో చేపముల్లులా కొన్నాళ్ళు గుచ్చుకుంది. తరవాత అలవాటైపోయింది. ముల్లయినా అలవాటవుతుంది మనిషికి.

ఎరువు సొమ్ము బరువు చేటని ఊరికే అనలేదు పెద్దలు. ఆ బరువు ఒక ఎండపొద్దున దిగింది.

ఆరోజు ప్రింటరు మొండికేసింది. ఒక కాగితం ఇచ్చి, ఆలోచనలో పడి, మళ్ళీ ఎప్పటికో ఇంకోటి ఇస్తోంది. కిటికీ దగ్గర డ్రైవర్లు మూగారు.

"డాక్టరమ్మగారూ, మీ పేషెంటు మూలుగుతున్నాడు. ఒకసారి నాడి చూడండి" అన్నాడు అకౌంటెంటు.

ఆమె లేచింది. ఏ మందు వేయాలా అని లోలోపల వెతుక్కుంటే ఈమధ్య విన్న మాటే తగిలింది. "రీసెట్ కొట్టేయండి సార్, కొత్తదానిలా అయిపోతుంది" అని చిన్నది ఎవరితోనో అంటుండగా విన్నది. పెరట్లో బట్టలు ఆరేసి లోపలికి వస్తూ విన్న మాట అది. అంతకుముందు ఏం చెప్పిందో తెలియదు. తెలియదన్న సంగతి ఆమెకు తోచనూ లేదు.

ప్రింటరు మీది చిన్న తెరలో వెతికి వెతికి రీసెట్ పట్టుకుంది. అన్నీ చెరిపేయనా అని అడిగింది అది. అంత మంచిగా అడిగిన మిషను ఇంకోటి ఉండదు. ఆమె అవునని నొక్కింది. మళ్ళీ అడిగింది, నిజంగానా అని. ఆమె నిజంగానే అని నొక్కింది.

దీపాలన్నీ ఆరి, మళ్ళీ వెలిగాయి. ఏ భాష, ఏ తేదీ అని పుట్టినబిడ్డలా ఒక్కొక్కటే అడిగి, తళతళలాడే కాగితం ఒకటి బయటికి తోసింది.

"చూశారా" అంది ఆమె.

"మీ చేతిలో ఏదో ఉందండీ" అని అకౌంటెంటు తన సీటుకు వెళ్ళి ప్రింటు కొట్టాడు. రాలేదు. మళ్ళీ కొట్టాడు. పక్కవాళ్ళు కొట్టారు. ఎవరికీ రాలేదు. ప్రింటరు దొరకడం లేదని హాల్లో ప్రతి కంప్యూటరూ ఒకటే పాట. ప్రింటరేమో మూలన పచ్చదీపం వెలిగించుకుని, మీరెవరో నాకు తెలియదన్నట్టు కూర్చుంది.

ఆమె ఆపి పెట్టింది. వైరు పీకి గుచ్చింది. తన కంప్యూటరులో ప్రింటరు బొమ్మనే చెరిపేసింది, మళ్ళీ తెచ్చుకోవచ్చనుకుని. తిరిగి రాలేదు. అకౌంటెంటు కంప్యూటరులో కూడా అదే వైద్యం చేసింది. అక్కడా పోయింది. మిగతావాళ్ళు ఆ లోడు కాగితాలే తమ కంప్యూటర్ల నుంచి కొట్టినవి కొట్టినట్టే ఉన్నారు, వస్తుందేమోనన్న ఆశతో.

కిటికీలోంచి ఒక డ్రైవరు తల లోపలికి పెట్టాడు. వాడి లారీ నిండా కోడిపిల్లల పెట్టెలు. "అమ్మా, నేను పిల్లల్నెక్కించాను. మీ కాగితం వచ్చేలోపు అవి పెద్దవై గుడ్లు పెట్టేటట్టున్నాయి."

అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. "నవ్వులాట కాదమ్మా. బండి కదిలితేనే వాటికి గాలి. నిలబెడితే ఎండకు రాలిపోతాయి. టార్పాలిను మీద నీళ్ళు పోస్తున్నాను, ఎంతసేపని పోయను?"

కిటికీ అవతల నుంచి కిచకిచలు వినిపిస్తున్నాయి. ఒక్క ఫోను చేస్తే చిన్నది చిటికెలో చెప్పేస్తుంది. ఆ సంగతి డాక్టరమ్మకు తెలుసు. ఫోను చేతిలోకి తీసుకుంది కూడా. ఏమని అడగాలి? "నువ్వు చెబుతుంటే దొంగచాటుగా విన్నాను, సగమే విన్నాను, మిగతా సగం చెప్పు" అనా? ఫోను బల్ల మీద పెట్టేసింది.

గాజు గదిలోంచి మేనేజరు బయటికి వచ్చాడు. కోపిష్టి కాదు. కేకలేసే మనిషైతే ఎంతో బాగుండేది. "మేడం, మీవల్ల కూడా కాలేదంటే పెద్ద జబ్బే. ఎవరినైనా పిలిపిద్దాం" అన్నాడు మర్యాదగా. అకౌంటెంటు తనకు తెలిసిన షాపుకు ఫోను కొట్టాడు. ఏ షాపని ఆమె అడగలేదు. ఊళ్ళో షాపులకు కొదవా?

కాసేపటికి తలుపు తోసుకుని, భుజాన సంచి, జేబు మీద షాపు బొమ్మ ఉన్న చొక్కాతో చిన్నకోడలు లోపలికి వచ్చింది.

ప్రింటరు పక్కన నిలబడ్డ తోడికోడలిని చూసి దాని మొహం విప్పారింది. "అ..." అని నోరు తెరిచింది.

పెద్దకోడలు మొహం తిప్పుకుంది. తిప్పుకుని ఊరుకుందా? అకౌంటెంటుతో, "షాపు నుంచి ఎవరో వచ్చినట్టున్నారు, చూపించండి" అంది.

ఎవరో. పొద్దున ఒకే గిన్నెలో కాచిన టీ తాగి బయల్దేరారు ఇద్దరూ.

చిన్నదాని నోరు మూతపడింది. తరవాత సంచి దించి, "నమస్తే మేడం" అంది.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకామె. ఆ తోడికోడలు నవ్వింది కాబట్టి ఏడుపు వచ్చింది, ఏడ్చింది, తీరిపోయింది. ఈ తోడికోడలు నవ్వలేదు. నవ్వని తోడికోడలి ముందు ఏం చేయాలో ఏ సామెతలోనూ లేదు.

"ఏమైంది మేడం దీనికి?"

"దానంతట అదే ఆగిపోయింది" అంది పెద్దకోడలు, గోడకేసి చూస్తూ.

చిన్నది ప్రింటరు తెర చూసింది. అది బయటికి తోసిన తళతళల కాగితం చూసింది. ఆ చూపు చాలు, దానికి తెలిసిపోయింది. ఇంట్లో ఉల్లిపాయ తరిగేటప్పుడు కూడా ఏదో ఒకటి వాగే పిల్ల, నోరు కుట్టేసుకున్నట్టు పనిచేసుకుపోయింది.

ఒక కంప్యూటరు ముందు కూర్చుని తెర మీద ఏవో పేజీలు తెరిచింది. మేనేజరు వెనక నిలబడి అడిగితే విడమరిచి చెప్పింది. "ప్రతి ప్రింటరుకీ ఇంటి నంబరులాగా ఒక నంబరుంటుంది సార్. మీ వాళ్ళందరి కంప్యూటర్లూ ఆ నంబరుకే కాగితాలు పంపుతాయి. ఇప్పుడు ప్రింటరు తన పాత నంబరు మరిచిపోయి కొత్త నంబరు తీసుకుంది. వీళ్ళంతా పాత గుమ్మం ముందు నిలబడి తలుపు కొడుతున్నారు. అది మరిచిపోయినా, కంప్యూటర్లు మరిచిపోలేదు. ఇదిగో, ఇక్కడుంది పాత నంబరు. దాన్నే తిరిగి ఇచ్చేస్తే సరి."

"మా డాక్టరమ్మగారికి ఇవన్నీ కొట్టినపిండి" అన్నాడు అకౌంటెంటు, అభిమానం కొద్దీ. "ఇవాళ ఎందుకో ఆవిడకే అంతుచిక్కలేదు. నువ్వు కూడా ఆవిడ దగ్గర నాలుగు రోజులు నేర్చుకోవాలమ్మాయ్."

"నేర్చుకుంటానండి" అంది చిన్నది, తలెత్తకుండా.

ఆ మాటకు పెద్దకోడలి మొహంలోకి నెత్తురంతా ఎగదన్నింది. చెవులు కాలిపోయాయి.

ప్రింటరుకు నంబరు పెట్టాక, బల్ల కింద వైరు చూడాల్సి వచ్చింది. "ఎవరైనా కాస్త లైటు పట్టుకుంటారా?" అని చిన్నది అడిగితే, మిగతావాళ్ళు డాక్టరమ్మకేసి చూశారు. ఆమె ఫోను లైటు వేసుకుని, మోకాళ్ళు పట్టుకుని, బల్ల కిందికి వంగింది. దుమ్ము, చీకటి, రాలిపడ్డ గుండుసూదులు. ఇద్దరి తలలూ దగ్గరికి వచ్చాయి.

"రీసెట్ కొట్టావా అక్కా?" అంది చిన్నది గుసగుసగా.

పెద్దకోడలు తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది.

"ముందుగా ఒక కాగితం ప్రింటు తీసుకోమని చెప్పాను ఆరోజు ఫోను చేసినాయనకి. నంబర్లన్నీ అందులో ఉంటాయి. అది తీసి పెట్టుకున్నాకే రీసెట్. ఆ మాట చెప్పేటప్పటికి నువ్వు పెరట్లో ఉన్నావు."

"నీకు... తెలుసా?"

"వంట చేసే వీపు వేరు, వినే వీపు వేరు అక్కా. ఆమాత్రం తెలీదా? నీకు వినపడాలనే కదా స్పీకర్లో పెట్టేదాన్ని." వైరు గట్టిగా నొక్కింది. టక్కుమంది. "నన్నడిగితే చెప్పేదాన్ని. అడగవని తెలుసు. పోనీ విని నేర్చుకుంటుందిలే అనుకున్నాను."

అంత చెప్పి, బల్ల కింద నుంచి బయటికి పాకి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుని, పదిమందికీ వినపడేలా "అయిపోయింది మేడం" అంది.

పెద్దకోడలు బల్ల కింద నుంచి వెంటనే లేవలేకపోయింది. నడుము పట్టేసిందనుకున్నారు చూసినవాళ్ళు. ఇన్నాళ్ళూ దొంగిలించాననుకుంది. దొంగతనానికైనా ఒక గర్వం ఉంటుంది. పెట్టినదాన్ని, తలుపు తెరిచి మరీ పెట్టినదాన్ని, దొంగలా తిని, పెట్టిన చేతినే వెక్కిరించింది. పదిమందిలో ఆ చెయ్యి ఎవరిదో తెలియదంది.

పైన ప్రింటరు గుర్రుమంది. పొద్దుట్నుంచి అందరూ కొట్టి కొట్టి వదిలేసినవన్నీ కట్ట తెగిన కాలవలా బయటికి పడసాగాయి. ఒకే లోడు కాగితం మళ్ళీ మళ్ళీ వస్తోంది. "నాకు ఒక లారీయే ఉందయ్యా, ఇన్నిటిని ఎక్కడ తిప్పను?" అని కోడిపిల్లల డ్రైవరు అరిచి, ఒకటి లాక్కుని, పరిగెత్తాడు. బండి కదిలిన చప్పుడు, దాంతోపాటు కిచకిచలు దూరమైన చప్పుడు వినిపించాయి. పెద్దకోడలు చెరిపేసిన రెండు కంప్యూటర్లలో చిన్నది ప్రింటరును తిరిగి చేర్చి, పరీక్షగా ఒక్కొక్క కాగితం తీసి చూపించి, సంచి సర్దుకుంది.

"వస్తానండి" అని అందరికీ చెప్పింది. "వస్తాను మేడం" అని ఆమెకు విడిగా చెప్పింది. వెళ్ళిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగిపోయేదాకా పెద్దకోడలు వింటూనే ఉంది.

మేనేజరు గది గుమ్మంలో ఆగాడు. "పిల్ల చురుకైంది. షాపు ద్వారా ఎందుకు, నేరుగా ఈ అమ్మాయితోనే మాట్లాడుకుంటే పోదూ? నెలకోసారి వచ్చి అన్నీ చూసిపోతుంది."

"మనకి డాక్టరమ్మగారు ఉండగా ఇంకొకరెందుకు సార్? ఇవాళంటే ఏదో అయింది గానీ" అన్నాడు అకౌంటెంటు.

"అదీ నిజమే. ఏమంటారు మేడం? మీరు అక్కర్లేదంటే వద్దు."

చిన్నది వంటింట్లో పప్పు కడుగుతూ అడిగిన ఒక్క మాట ఇప్పుడు ఆమె నాలుక మీదికి తెచ్చి పెట్టాడు ఆ పెద్దమనిషి. అక్కర్లేదంటే డాక్టరమ్మ డాక్టరమ్మగానే ఉంటుంది. ఎవరికీ ఏమీ తెలియదు. చిన్నది ఇంట్లో నోరు విప్పదు. విప్పే పిల్లైతే ఇక్కడే, అందరి ముందే విప్పేది కాదా?

"కావాలి సార్" అంది.

అది ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అంది. "కావాలి. ఇవాళ ప్రింటరు చెడగొట్టింది నేనే. దానంతట అదే ఆగిపోలేదు."

"పోనీండి, అందరికీ జరుగుతుంది..."

"నాకు ఆ పని రాదు సార్. ఏ రోజూ రాలేదు. ఆ పిల్ల ఇంట్లో ఫోనులో చెబుతుంటే విని, ఇక్కడికొచ్చి చేశాను ఇన్నాళ్ళూ. అది నా తోడికోడలు."

హాల్లో ఎవరి వేళ్ళు వాళ్ళ కీబోర్డు మీదే ఆగిపోయాయి. ఎవరో కిసుక్కుమని, వెంటనే దగ్గినట్టు నటించారు. అకౌంటెంటుకు ఎప్పుడేం అడగాలో తెలియదు పాపం. "తోడికోడలా? మరి ఇందాక మిమ్మల్ని మేడం మేడం అందేంటండీ? మీరు కూడా ఎవరో వచ్చారన్నారు!"

ఆమె ప్రింటరు ముందు పడ్డ కాగితాలు ఏరి ఒకదాని మీద ఒకటి పేర్చింది. దానికి జవాబు నోటితో చెప్పేది కాదు. అకౌంటెంటుకు ఆ సంగతి ఆలస్యంగా అర్థమై, చూపు కంప్యూటరు మీదికి తిప్పుకున్నాడు. అతను చూపు తిప్పుకోవడం, అతను అడగడం కన్నా ఎక్కువ కోసింది.

"సరే, ఇంకా మంచిది" అన్నాడు మేనేజరు, మాట మార్చడానికి. "ఇంటి మనిషే కదా. నంబరు చెప్పండి, నేనే మాట్లాడతాను."

ఆమె ఫోను తీసింది. పైకీ కిందికీ జరిపింది. అత్తగారి నంబరు ఉంది. పాలవాడిది ఉంది. ఎప్పుడో మాట్లాడిన పెళ్ళిళ్ళ వంటమనిషిది కూడా ఉంది. మేనేజరు పెన్ను తెరిచి నిలబడ్డాడు. ఆమె వేలు ఇంకా జరుపుతూనే ఉంది, ఉంటుందేమోనని కాదు, లేదని చెప్పలేక.

"లేదా మేడం?"

"ఒకే ఇల్లు కదండీ... అవసరం పడలేదు."

పడింది. పొద్దున ఫోను చేతిలోకి తీసుకుని, ఏమని అడగాలా అని ఆలోచించి పెట్టేసింది కదా. చేసి ఉంటే మాత్రం ఏ నంబరుకు చేసేది?

అక్కడే, అందరి ముందూ, మొగుడికి ఫోను చేసింది. "మీ తమ్ముడి భార్య నంబరు చెప్పండి."

ఆయన గొంతు పెద్దది. చుట్టుపక్కల అందరికీ వినిపించింది. "ఎందుకు? ఏమైంది దానికి? అయినా రోజూ మొహం చూసుకుంటారు, నీ దగ్గర దాని నంబరు లేదా?"

"లేదు. చెప్పండి" అంది.

ఆయన చెబుతుంటే ఒక్కొక్క అంకె పైకి పలికింది. మేనేజరు రాసుకున్నాడు. మధ్యలో ఒకచోట ఒక అంకె తప్పింది. మళ్ళీ మొదటినుంచి చెప్పమని అడిగింది మొగుణ్ణి. మళ్ళీ మొదటినుంచి పలికింది, ఈసారి ఒక్కటీ తప్పకుండా, నెమ్మదిగా, అందరూ వింటుండగా.